మన ఆట మనమే రాసుకుందాం – పాఠం 4: నోరు మెదపని తప్పులు

మనం రాసుకుంటున్నది డీ అండ్ డీ, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, తరహా ఆట: ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్రగా డైస్ వేస్తూ ఆడతారు. పోయిన పాఠంలో మూడు పనులు అప్పజెప్పాను. గంగమ్మ జాతర వేషాలతో గూగుల్ షీట్స్‌లో ఆరు వరుసల పట్టిక ఒకటి. పక్క ట్యాబ్‌లో దారిలో ఎదురుపడేవాళ్ళ ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్ అందుకోవాల్సిన అంకె), హెచ్‌పీ (ఎంత ప్రాణం ఉందో చెప్పే అంకె). ఆ తర్వాత కథనంతా హోంబ్రూవరీ అనే వెబ్‌సైటులో ఆట పుస్తకంలా పేర్చడం. చేసి ఉంటే ఈపాటికి ఎక్కడో ఒకచోట చిక్కుకునే ఉంటారు. ఎక్కడా చిక్కుకోనివాళ్ళు ఈ పాఠం మరింత జాగ్రత్తగా చదవండి.

తిరుపతిలో మా మిద్దెమీద ఆదివారం సాయంత్రాలు ఆడతాం. ఒక ఆదివారం ఇంటర్ చదివే అబ్బాయి మొదటిసారి ఆటకు వచ్చాడు. వారం ముందునుంచే పాత్ర రాసుకున్నాడట, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చుకున్నాడు. అతని పాత్ర పాలెగాడి ఇంటి వెనక గోడ దూకింది. పెరట్లో వేటకుక్క. నా షీట్‌లో పేరు కొట్టాను, హెచ్‌పీ 65 అని వచ్చింది. స్క్రీన్ మీద ఉన్నదే నమ్మి ఆట నడిపాను. అబ్బాయి కత్తి మూడుసార్లు తగిలింది, కుక్క పడలేదు. "ఏందన్నా ఈ కుక్క, ఎంత పొడిచినా చావకుండా ఉండాదే!" అన్నాడు. ఐదో రౌండ్‌లో అతని పాత్రే పడిపోయింది. పాపం, ఏమీ అనకుండా కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది. నా జాబితాలో వేటకుక్క అనే వరుసే లేదు. మనం అంకెలు తీసుకునే ఉచిత నియమావళిలో, అంటే 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైన డీ అండ్ డీ ఎస్‌ఆర్‌డీ 5.1లో, మాస్టిఫ్ అనే కుక్కకు ఏసీ 12, హెచ్‌పీ 5. ఆ అబ్బాయి కత్తిదెబ్బ ఒక ఎనిమిది ముఖాల డైస్, దానికి 3 కలపాలి. అంటే ఎనిమిదిలో ఏడుసార్లు ఒక్క దెబ్బకే కుక్క పని అయిపోవాలి. 65 హెచ్‌పీ ఉంటే సగటున తొమ్మిది దెబ్బలు కావాలి. ఆ రాత్రే ఫోన్ చేసి తప్పు నాది, నీ ఆటది కాదు అని చెప్పాను. తర్వాతి ఆదివారం గోడ దూకడం దగ్గర్నుంచి మళ్ళీ ఆడాం.

ఆ 65 ఎక్కడిది? షీట్ అబద్ధం ఆడలేదు, నేను అడిగిన పద్ధతి అలాంటిది. వీలుకప్ అనే ఫంక్షన్ పేరు చూసి దాని పక్కన ఉన్న అంకె తెస్తుంది. (ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, షీట్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.) దానికి నాలుగు విషయాలు చెప్పాలి: ఏ పేరు, ఏ పట్టికలో, ఎన్నో నిలువు వరుసలో, సరిగ్గా అదే పేరు కావాలా లేక దరిదాపుల్లోది చాలా. నాలుగోది నేను రాయలేదు. రాయకపోతే దరిదాపుల్లోది చాలని అది అనుకుంటుంది. జాబితా అక్షరక్రమంలో ఉందని నమ్మి, మనం అడిగిన పేరుకన్నా ముందొచ్చే పేర్లలో ఆఖరిదాన్ని పట్టుకుంటుంది. నా జాబితా ఇది (పేరు, ఏసీ, హెచ్‌పీ):

గార్డ్ – 16 – 11
బందిపోటు – 12 – 11
బందిపోటు నాయకుడు – 15 – 65

అక్షరమాలలో బ తర్వాత వ. వేటకుక్క కనబడక, దానికి ముందున్న ఆఖరి పేరు దగ్గర ఆగింది. బందిపోటు నాయకుడి ప్రాణం కుక్కకు పోసింది. చప్పుడు లేదు, ఎర్ర గుర్తు లేదు, నున్నగా 65.

అందుకే ఈ పాఠం మొత్తానికీ ఒకటే పట్టు. మనం వాడే ఈ టూల్స్‌లో అరిచే తప్పులకు భయపడకండి, అవి మనకు సాయమే చేస్తున్నాయి. నోరు మెదపని తప్పుల్ని అరిచేలా చేయడం నేర్చుకోవాలి. వీలుకప్ విషయంలో అది ఒక్క మాట పని: నాలుగోదిగా ఫాల్స్ అని రాయండి. అప్పుడు పేరు దొరక్కపోతే గడిలో #ఎన్/ఏ అని పడుతుంది, మూలలో ఎర్ర త్రికోణం వస్తుంది. ఆటమధ్యలో అది చూస్తే కాస్త టెన్షన్‌గా ఉంటుంది, నిజమే. కానీ ఎవరి పాత్రా అన్యాయంగా పడిపోదు. కొంతమంది ఆ ఎర్ర గుర్తు బాగుండదని ఇఫ్‌ఎర్రర్ ఫంక్షన్ తొడిగి దాన్ని ఖాళీగానో సున్నాగానో మారుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నోరు తెరిచిన తప్పు నోట్లో మళ్ళీ గుడ్డ కుక్కినట్టు అవుతుంది.

ఫాల్స్ పెట్టాక చాలామందికి కొత్త చిక్కు వస్తుంది. నాకూ వచ్చింది. జాబితాలో గార్డ్ ఉంది, నేను అడిగిందీ గార్డే, అయినా #ఎన్/ఏ. రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే గ, అదే దీర్ఘం, అదే పొల్లు. కళ్ళు పోయాయా అనిపించింది.

ఇక్కడ ఒక గడిలో ఇంకో ఫంక్షన్ రాయండి: లెన్. లోపల ఎన్ని గుర్తులు ఉన్నాయో చెబుతుంది. మన కంటికి గార్డ్ అంటే రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఆరు: గ, దీర్ఘం, ర, పొల్లు, డ, పొల్లు. మొదటి గడికి లెన్ 6 చూపింది. రెండోదానికి 7. ఆ ఏడోది ఏమిటి?

మన ఫోన్ కీబోర్డు పెట్టిన గుర్తు అది. "గార్డ్‌లు" అని రాసినప్పుడు ల వెళ్ళి డ కింద వత్తుగా అతుక్కోకూడదు. అతుక్కోకుండా ఆపడానికి పొల్లుకూ లకూ మధ్య కంటికి కనబడని, వెడల్పే లేని ఒక గుర్తు పడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు ప్రతి గుర్తుకూ ఇచ్చుకున్న సంఖ్యల జాబితాలో, దాని సంఖ్య 8204. తెలుగు బాగా కనబడటానికి ఆ గుర్తు చాలా అవసరం. సాఫ్ట్‌వేర్, టార్చ్‌లైట్ లాంటి మాటలన్నిటిలో అది ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, నేను మొదట "గార్డ్‌లు" అని రాసి, ఏకవచనం చాలనుకుని "లు" చెరిపేశాను. కొమ్ము పోయింది, ల పోయింది, ఆ గుర్తు మాత్రం చివర్న అలాగే ఉండిపోయింది. కనబడనిదాన్ని చెరపాలని ఎవరికి తోస్తుంది?

మీరూ ఇప్పుడే చేసి చూడండి. ఫోన్‌లో ఒక గడిలో "గార్డ్" అని నేరుగా కొట్టండి. ఇంకో గడిలో "గార్డ్‌లు" అని కొట్టి "లు" తీసేయండి. రెంటికీ లెన్ వేయండి. మీ కీబోర్డు తీరునుబట్టి రెండూ 6 కావచ్చు, తేడా రావచ్చు. తేడా వస్తే మీ కీబోర్డు ఆ గుర్తును వదిలేసే రకమని తెలిసిపోతుంది, ఇకమీద బహువచనాలు చెరిపేటప్పుడు ఇంకొక్కసారి బ్యాక్‌స్పేస్ కొడతారు.

ఇప్పటికే నిండిన పట్టికను శుభ్రం చేయడానికి సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్ ఉంది. అందులో మొదట పేరున్న గడి, తర్వాత యూనిచార్(8204), ఆ తర్వాత ఏమీ లేని జంట కోట్స్. అది ఆ కనబడని గుర్తును ఉన్నచోటల్లా తీసేసిన పేరును ఇస్తుంది. ఒక జాగ్రత్త. ఈ శుభ్రం చేసిన పేరును వెతకడానికి మాత్రమే వాడండి, పక్కన వేరే నిలువు వరుసలో దాచుకోండి. ఆటగాళ్ళకు చూపించే పేరు మీద ఇది నడిపితే టార్చ్‌లైట్ కాస్తా టార్చ్లైట్ అవుతుంది, చ కింద ల వత్తు వేలాడుతుంది. మన మాట చూడముచ్చటగా ఉండాలి, యంత్రానికి దాని మాట సరిగ్గా అందాలి. రెండు అవసరాలకు రెండు వరుసలు, అంతే.

ఇంకో కనబడని చుట్టం వెబ్‌పేజీలనుంచి కాపీ చేసినప్పుడు వస్తుంది. చూడ్డానికి మామూలు ఖాళీలాగే ఉంటుంది, సంఖ్య 160. ఎక్సెల్‌లో ట్రిమ్ ఫంక్షన్ మామూలు ఖాళీల్ని కత్తిరిస్తుంది కానీ దీన్ని ముట్టుకోదు. మందు అదే, సబ్‌స్టిట్యూట్‌లో 8204 బదులు 160.

షీట్ గురించి ఇంకో రెండు మాటలు త్వరగా. వేషం ఎంచడానికి ర్యాండ్‌బిట్వీన్ వాడి 1 నుంచి 6 లోపు అంకె తెప్పిస్తున్నాం కదా. షీట్‌లో ఎక్కడ ఏం మార్చినా ఆ అంకె మళ్ళీ కొత్తగా పడుతుంది. బైరాగి వేషం ఎదురైందని చెప్పి, పక్క గడిలో గార్డ్ హెచ్‌పీ తగ్గించేలోపు అక్కడ మాతంగి వేషం ఉంటుంది. అది లోపం కాదు, ఆ ఫంక్షన్ పద్ధతే అంత. పడిన అంకెను కాపీ చేసి కంట్రోల్, షిఫ్ట్, వీ కలిపి నొక్కి పక్క గడిలో విలువగా అతికించండి, లేదా నిజమైన డైస్ వేసి అంకె చేత్తో కొట్టండి. నాకు రెండోదే ఇష్టం. డైస్ దొర్లుతుంటే అందరి కళ్ళూ దానిమీదే ఉంటాయి, ఆ క్షణం స్క్రీన్ ఇవ్వలేదు. ఇక సీఎస్‌వీ ఫైలుగా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాలుగా, పంపిన పట్టికను స్నేహితుడు ఎక్సెల్‌లో తెరిస్తే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ సున్నా, మళ్ళీ అదే జంట వరుసగా కనబడితే కంగారుపడొద్దు. యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్ గుర్తుల్ని ఫైల్లో దాచే పద్ధతిలో, తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. వాటిని మూడు వేర్వేరు అక్షరాలుగా చదివేస్తే ఆ రూపం వస్తుంది. ఫైలు పాడవలేదు. డేటా ఇంపోర్ట్‌లోంచి తెరిచి యూటీఎఫ్-8 ఎంచమనండి.

ఇప్పుడు హోంబ్రూవరీ. ఎడమవైపు మనం రాస్తాం, కుడివైపు పుస్తకం పేజీ కనబడుతుంది. దీన్ని చేసినవాళ్ళు ఇంగ్లీషు పుస్తకం కోసం చేశారు, అందుకని తెలుగు పెట్టగానే ముందు కనబడే ఇబ్బంది వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు కింద వత్తులు లేవు, పైన గుడి దీర్ఘాలు లేవు. "శ్రీకృష్ణ" కింద "స్త్రీ" వస్తే పై వరుస వత్తు కింది వరుస నెత్తిన కూర్చుంటుంది. స్టైల్ ట్యాబ్‌లో లైన్ హైట్ 1.5 దాకా పెంచండి. పేరా మొదటి అక్షరాన్ని పెద్దగా చూపే అలంకారం కూడా ఇంగ్లీషు అక్షరాలకే నప్పుతుంది. మన సంయుక్తాక్షరాల్ని అది కొన్నిసార్లు మధ్యకు విరుస్తుంది. తెలుగు పుస్తకానికి దాన్ని తీసేయడమే మేలని నా అభిప్రాయం.

లైన్ హైట్ పెంచాక ఏం జరుగుతుందో గమనించారా? ప్రతి పేజీకీ కొలత ఖాయం, రెండు నిలువు వరుసలు. అక్షరాలు పేజీ పట్టకపోతే తర్వాతి పేజీలోకి వాటంతట అవి జరగవు. మూడో నిలువు వరుసగా కాగితం బయటికి పోతాయి, బయట ఉన్నది కనబడదు. ఎడమవైపు మీ వాక్యాలన్నీ భద్రంగా ఉంటాయి, కుడివైపు ఆఖరి పేరా మాయం. ఎవరూ ఏమీ అనరు. తోటి అనే వేషం దగ్గర దొరకాల్సిన ఆధారం నా పుస్తకంలో ఇలాగే పోయింది, కథలో తలుపు తెరిచే తాళంచెవి అది. ఆటగాళ్ళు రెండు గంటలు లేని తాళంచెవి కోసం ఊరంతా తిరిగారు.

దీన్ని అరిపించే ఉపాయం మన పద్యాల్లోనే ఉంది. పద్యం అయిపోయిందనడానికి ॥ అని రెండు నిలువు గీతలు పెడతాం. ప్రతి పేజీకి రాసింది అయిపోగానే చివర ॥ పెట్టండి. కుడివైపు పేజీలు తిప్పుతూ అడుగున ఆ గీతలు ఉన్నాయా అని మాత్రం చూడండి. లేని పేజీలో ఏదో బయటికి పోయినట్టే. పేజీ విరిచే ఆదేశం, అంటే వెనక్కి వాలిన గీత, దాన్ని అంటుకుని ఇంగ్లీషులో పేజ్ అనే మాట, ఆ వరుసలో ఒంటరిగా ఉండాలి. తరచుగా చేసే పొరపాటు దాని పక్కనే వాక్యం మొదలుపెట్టేయడం.

స్టైల్ ట్యాబ్‌లో వచ్చే తప్పులే అన్నిటికన్నా మొండివి. అక్కడ రాసేది సీఎస్ఎస్, పేజీ ఎలా కనబడాలో బ్రౌజర్‌కు చెప్పే భాష. దాని సూత్రం ఏమిటంటే, బ్రౌజర్‌కు అర్థంకాని నియమాన్ని వదిలేసి ముందుకు పోవాలి. వదిలేశానని చెప్పదు. రామభద్ర ఫాంట్ పెట్టాను, రాలేదు. మండలి పెట్టాను, అదీ రాలేదు. పేజీ మీద కంప్యూటర్‌లో ఉన్న ఏదో మామూలు తెలుగు ఫాంటే కనబడుతోంది. స్టైల్ మొత్తం 64 వరుసలు. పైనుంచి కిందికి చదివితే ప్రతి వరుసా సరిగ్గానే అనిపిస్తుంది. మనమే రాసినది మన కంటికి తప్పుగా కనబడదు.

అప్పుడు చదవడం ఆపి కోయడం మొదలుపెట్టాలి. ముందు మొత్తం ఒక నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి. ఫాంట్ పేరున్న ఒక్క నియమాన్ని మాత్రం ముట్టుకోకుండా ఉంచి, మిగతా వరుసల్లో సగం తీసేయండి. ఫాంట్ వచ్చిందా? వస్తే దొంగ తీసేసిన సగంలో ఉన్నాడు. రాకపోతే ఉన్న సగంలో ఉన్నాడు. దొంగ ఉన్న సగాన్ని మళ్ళీ సగం చేయండి. 64, 32, 16, 8, 4, 2, 1. ఆరు కోతల్లో ఒక్క వరుస మిగులుతుంది. వెయ్యి వరుసలున్నా పది కోతలే. ఎప్పుడూ మూసే బ్రాకెట్ తర్వాతే కోయండి, నియమం మధ్యలో కోస్తే కొత్త తప్పు మీరే పుట్టించినవారవుతారు. కొందరు కోయకుండా కామెంట్ గుర్తుల మధ్య పెడతారు. లోపల ఇదివరకే కామెంట్ ఉంటే మొదటి ముగింపు గుర్తు దగ్గరే అది తెగిపోతుంది, అందుకే నేను నోట్‌ప్యాడ్‌కే ఓటేస్తాను.

నాకు ఒక్క వరుసా మిగల్లేదు. 64లో ఏది తీసినా ఫాంట్ రాలేదు. అంటే దొంగ నేను ముట్టుకోకుండా ఉంచిన ఆ ఒక్క నియమంలోనే ఉన్నాడు. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన నియమం అది. ఫాంట్ పేరుకు రెండువైపులా కోట్స్ ఉన్నాయి, కానీ అవి నిటారు కోట్స్ కావు, పుస్తకాల్లో వాడే వంకర కోట్స్. బ్రౌజర్‌కు అవి కోట్సే కావు. వంకర తోకలతో సహా పేరు అనుకుని ఆ పేరున్న ఫాంట్ కోసం వెతికింది, దొరక్క ఊరుకుంది. రెండు గుర్తులు మార్చాను, రామభద్ర నిండుగా వచ్చి కూర్చుంది. ఫాంట్‌ను నెట్ నుంచి తెప్పించే ఇంపోర్ట్ వరుసకు కూడా ఒక నియమం ఉంది: మిగతా అన్ని నియమాలకన్నా పైన ఉండాలి. కిందికి జారితే దాన్నీ చెప్పకుండా వదిలేస్తుంది.

ప్రింట్ గురించి. క్రోమ్‌లో ప్రింట్ తెరిచి సేవ్ యాజ్ పీడీఎఫ్, మార్జిన్లు నన్, బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్. జెరాక్స్ షాపుకు పీడీఎఫే తీసుకెళ్ళండి, వేరే రూపంలో ఇస్తే వాళ్ళ కంప్యూటర్‌లో మన ఫాంట్ ఉండదు. హోంబ్రూవరీ పేజీ మామూలుగా అమెరికన్ లెటర్ కొలత, 216 మిల్లీమీటర్లకు 279. మన షాపుల్లో ఉండేది ఏ4, 210కి 297. కథ పేజీలకు ఫిట్ అని నొక్కితే ఫరవాలేదు. గడుల మ్యాపుకు మాత్రం వద్దు. అంగుళం గడి, అంటే 25.4 మిల్లీమీటర్లు, వెడల్పుకు సరిపెట్టేసరికి 24.7 అవుతుంది, ప్రింటర్ తన అంచులు వదిలితే ఇంకా తగ్గుతుంది. పది గడుల తర్వాత బొమ్మలు గీతల మీద నిలబడతాయి. మ్యాపును మొదటే ఏ4కి చేసుకుని యాక్చువల్ సైజ్‌లో ఒక్క పేజీ తీయించి, షాపులోనే స్కేలు పెట్టి కొలిచి, ఆ తర్వాత మిగతావి చెప్పండి. అంత పని ఎందుకులే అని షాపాయన అన్నా సరే, కొలవండి. ఇంకొకటి, పీడీఎఫ్‌లోంచి తెలుగు మళ్ళీ కాపీ చేస్తే వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి. ఎడమవైపు రాసిన అసలు పాఠం ఎప్పుడూ విడిగా దాచుకోండి.

కొందరు అడిగారు, వేషాల పట్టికలో అమ్మవారికి ఏసీ, హెచ్‌పీ ఎందుకు రాయలేదని. పాలెగాణ్ణి వెతుకుతూ రోజుకో వేషంలో ఊరంతా తిరిగిన తల్లి కథ అది, మా వీధుల్లో జనం ఇప్పటికీ ఆ వేషాలు మొక్కుగా వేసుకుంటారు. ఆమెను కొట్టడానికి అంకె ఉండకూడదని నేను అనుకున్నాను. వేషం ఎదురైతే ఒక సూచన దొరుకుతుంది, అంతవరకే.

వచ్చే వారానికి అభ్యాసం. మీ పట్టికలో ఆరు పేర్లు ఉన్నాయి: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. లెన్ వేయకముందే కాగితం మీద ఒక్కొక్క పేరులో ఎన్ని గుర్తులో లెక్కపెట్టండి. గుణింతం ఒకటి, సున్న ఒకటి, పొల్లు ఒకటి, వత్తుగా మారిన హల్లు ఒకటి, మాటల మధ్య ఖాళీ ఒకటి. మొదటి ఐదింటికీ 6, 3, 4, 3, 6 రావాలి. సున్నపు కుండలుకు 14. తర్వాత షీట్‌లో లెన్ వేసి పోల్చండి. ఎక్కడైనా ఒకటి ఎక్కువ వస్తే ఆ గడిని చెరిపి మళ్ళీ కొట్టకండి, అలాగే ఉంచండి. పక్క గడిలో సబ్‌స్టిట్యూట్ ఒకసారి 8204తో, ఒకసారి 160తో వేసి, ఆ ఎక్కువైన ఒకటి తగ్గిందేమో లెన్‌తో చూడండి. దేనితో తగ్గితే ఆ గుర్తే లోపల ఉంది.